లేదని చెప్పవలసిన పెళ్ళి

మా అక్క ఆర్లిన్ లాయరు గడప తొక్కేనాటికి, ఆమె, మా బావ రోడెల్ వేరువేరుగా బతకడం మొదలై ఆరేళ్లు దాటింది. ఆ రోజు నేను తోడు వెళ్ళాను. ఇలొయిలో నగరంలో, కోర్టు వెనక సందులో, జిరాక్స్ కొట్టు పైన మేడగది అటార్నీ పాల్మారెస్ ఆఫీసు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. భోజనాల వేళ కావడంతో బచోయ్ గిన్నె ముందు పెట్టుకుని, వేడి వేడి నూడుల్స్ ఊదుకు తింటూనే మా మాట వింది.

"కొట్టేవాడా?"

"లేదండీ" అంది అక్క.

"తాగేవాడా?"

"పండగలకి. అందరిలాగే."

"వేరే ఆడది?"

"ఇప్పుడుంది. గిమరాస్ దీవిలో. ఇద్దరు పిల్లలు కూడా. కానీ అది మేం విడిపోయాక..."

"విడిపోయాక అయితే మనకి పనికిరాదమ్మా." ఆవిడ చెంచా కింద పెట్టింది. "చూడు టీచర్. మన దేశంలో విడాకుల చట్టం లేదు, పెళ్ళి తెగదు. తెంచండి అంటే ఏ జడ్జీ వినరు. అసలు ముడే పడలేదని చూపించాలి. పెళ్ళినాటికే అతనికి భర్తగా ఉండే శక్తి మనసులో లేదు, చిన్నప్పటి నుంచీ లేదు, ఇక రాదు. అలా చెప్పాలి. మనస్తత్వ నిపుణురాలు ఒకావిడ రిపోర్టు రాస్తుంది. నువ్వు సాక్ష్యం చెప్తావు. నీ వైపు నుంచి ఇంకొకరు చెప్తారు."

"ఆయన మంచివాడేనండీ."

"మంచివాడైతే ఇక్కడికెందుకొచ్చావు?"

అక్క తలొంచుకుంది. నేనే చెప్పాను, వాళ్ల పాప నాలుగేళ్ల వయసులో డెంగీతో పోయిందని, ఆ తర్వాతే ఇద్దరూ ఇలా అయిపోయారని. లాయరమ్మ గిన్నె పక్కకి జరిపి, "అయ్యో" అంది. నిజంగానే అంది. కాగితం మీద ఏదో రాసుకుని, మళ్ళీ దాన్నే కొట్టేసింది.

"అది కారణంగా రాయకూడదు. పాప పోయాక చెడిందంటే, అంతకుముందు బాగున్నట్టే కదా. బాగున్న పెళ్ళిని కోర్టు కొట్టెయ్యదు."

"మరి పెళ్ళే జరగలేదంటే, మా పాప?" అంది అక్క.

"పాపకేం ఢోకా లేదు. చట్టప్రకారం సొంత బిడ్డే."

"పెళ్ళి లేదు గానీ, పాప మాత్రం ఉందా?"

"చట్టంలో అంతే టీచర్" అంది లాయరమ్మ మెల్లగా.

అక్కకు ఇరవై నాలుగేళ్లప్పుడు పెళ్ళయింది. అప్పటికే లా పాజ్ పేట బడిలో మూడో తరగతి టీచరు. బావ ఇలొయిలోకీ గిమరాస్ దీవికీ మధ్య తిరిగే పడవల మీద ఇంజను చూసుకునేవాడు. అతని వేళ్ల సందుల్లో నూనె మరక ఏనాడూ పోయేది కాదు. పెళ్ళికి ముందురోజు కిరోసిను పెట్టి రుద్దీ రుద్దీ చేతులు ఎర్రగా చేసుకున్నాడు. మర్నాడు చర్చికి అందరికంటే గంట ముందొచ్చి, మొదటి బెంచీలో ఒక్కడే కూర్చున్నాడు. నాకప్పుడు పదిహేడేళ్లు. మాకు నాన్న లేడు. వానాకాలంలో బావ నన్ను మోటారు సైకిలు మీద కాలేజీలో దింపి, తన రెయిన్‌కోటు నా చేతిలో పెట్టి, తడుస్తూనే రేవుకి పోయేవాడు. "నాదేముంది జెమ్మా, ఎలాగూ నీళ్లలోనే కదా పని" అనేవాడు.

మరుసటి ఏడాదే పాప పుట్టింది. ఇద్దరి పేర్లూ కలిపి రోడ్లిన్ అని పెట్టుకున్నారు. మా దగ్గర ఇలాంటి పేర్లు వీధికి నాలుగుంటాయి. కానీ బావ మాత్రం లోకంలో ఆ ఉపాయం తనకొక్కడికే తట్టినట్టు, పడవెక్కిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు.

పాపకు నాలుగేళ్లు నిండిన ఏడాది ఆగస్టులో జ్వరం వచ్చింది. మూడు రోజులు కాసి తగ్గింది. తగ్గింది కదా అని అమ్మ గంజి కాచింది, అందరం నవ్వుకున్నాం. నాలుగోరోజు మధ్యాహ్నం పాప కాళ్లు చల్లగా తగులుతున్నాయని, ఆస్పత్రికి పోదామని అక్క అంది. బయట కుండపోత. వీధిలో మోకాలి లోతు నీళ్లు. "జ్వరం లేదుగా, వాన కాస్త తెరిపివ్వనీ" అన్నాడు బావ. రెండు గంటలైనా వాన తెరిపివ్వలేదు. అప్పుడు పాపను భుజాన వేసుకుని నీళ్లలో పరిగెత్తాడు. ఆస్పత్రిలో డాక్టరు "కాస్త ముందు తెచ్చి ఉంటే" అని, మా మొహాలు చూసి ఆపేశాడు.

ఆ సగం మాట వాళ్లతోపాటు ఇంటికి వచ్చేసింది.

నీవల్లే అని అక్క ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బావ ఏడ్చేవాడేమో, లేకపోతే తిరగబడేవాడేమో. ఏదో ఒకటి జరిగేది. ఏమీ జరగలేదు. అతను పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, లోపలికి రాకుండా మెట్టు మీదే కూర్చునేవాడు. అక్క అన్నం గిన్నె తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయేది. వాన పడితే చాలు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కారు. మా ఊళ్లో ఏడాదిలో సగం రోజులు వానే. రెండేళ్లకు బావ గిమరాస్‌లో పడవల షెడ్డులో పని దొరికిందని వెళ్ళాడు. మొదట్లో వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి, తర్వాత రాలేదు. ఒక గొడవ లేదు, పెద్దమనుషుల మధ్య మాటా లేదు. అక్క అతని చొక్కాలు మడతపెట్టి అలమార కింది అరలో ఉంచింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఎఫ్రెన్ ఆ తర్వాత వచ్చాడు. తుఫానుకి బడి పైకప్పు రేకులు లేచిపోతే, బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి. నలభై ఏళ్లు. మంచాన పడ్డ తల్లిని పదేళ్లు చూసుకుని, పెళ్ళి మాటే మరిచిపోయిన మనిషి. మధ్యాహ్నం పిల్లలు ఇంటికి పోయాక, కప్పు మీంచి అక్కతో మాట్లాడేవాడు. "టీచర్, పైనించి చూస్తే మీ జుట్టులో తెల్లవెంట్రుకలు నాలుగున్నాయి." "పని చూడు. రేకు జారితే నీ తల మీదే పడుద్ది." పాప పోయాక అక్క ఎవరితోనైనా ఎకసెక్కంగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఏళ్లు గడిచాయి. వాళ్లిద్దరూ ఒకే జీప్నీ బండి ఎక్కేవాళ్లు కాదు. ఆదివారం చర్చిలో రెండు వేరే వరసల్లో కూర్చునేవాళ్లు. అయినా ఊరు ఊరే. ఎవరో పిల్లల తల్లి బడికి ఉత్తరం రాసింది. హెడ్‌మిస్ట్రెస్ అక్కను పిలిచి, "పెళ్ళయిన టీచరు పరాయి మగాడితో తిరుగుతోందంటున్నారు. ఈ ఉత్తరం నేను చింపేస్తా. ఇంకోటి వస్తే పైకి పంపక తప్పదు. నీ ఉద్యోగం పోతుంది ఆర్లిన్" అంది. ఎఫ్రెన్‌కి పిల్లలంటే ప్రాణం. అక్కకు ముప్ఫై ఎనిమిది. వాళ్లకు బిడ్డ పుడితే, కాగితాల్లో ఆ బిడ్డకి తండ్రి రోడెల్ అవుతాడు. ఇన్నేళ్ల తర్వాత మేం ఆ మేడమెట్లు ఎక్కింది అందుకు.

భార్యాభర్తలు కూడబలుక్కుని కోర్టుకొచ్చారని తెలిస్తే కేసు నిలవదు. అందుకని అక్క బావకి ఫోను చెయ్యకూడదు. నేను పడవెక్కి వెళ్ళాను. బావ షెడ్డులో ఇంజను విప్పి కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. నెనిత, అతనితో ఉంటున్నావిడ, పచ్చి మామిడి ముక్కలూ రొయ్యల ఉప్పూ తెచ్చి నా ముందు పెట్టి, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

"ఏం రాయాలో రాసుకోమను" అన్నాడు బావ. "నేను అడ్డం పడను."

"మనస్తత్వ డాక్టరమ్మ ఒకావిడ నీ గురించి చెడ్డగా రాస్తుంది బావా."

"ఎంత చెడ్డగా?"

"మనసులో ఏదో లోపమున్నట్టు. పెళ్ళికి ముందు నుంచీ."

అతను కాసేపు బోల్టు ఒకటి చేతిలో తిప్పాడు. "ఆ డాక్టరమ్మ నాతో కూడా మాట్లాడుతుందా?"

"ఇష్టమైతేనే."

"మాట్లాడతా."

నెనిత నాతో రేవు దాకా నడిచి వచ్చింది. "నేను అయిదేళ్ల కిందట ఈయన దగ్గరికి వచ్చా చెల్లీ" అంది. "చర్చిలో అందరూ లేచి ప్రసాదం తీసుకుంటుంటే నేను పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంటా. ఇది అయిపోతే ఈయన నన్ను పెళ్ళి చేసుకుంటాడు, నేనూ లేస్తా." పడవ కదిలేదాకా అక్కడే నిలబడి చెయ్యి ఊపింది.

రిపోర్టు వచ్చింది. బావ తండ్రి ఓడల మీద పోయి తిరిగిరాలేదని, పిన్ని ఇంట పెరిగాడని, ఆవిడ అన్నం పెట్టి ప్రేమ పెట్టలేదని, అందుచేత ఇతనికి బంధం నిలుపుకునే శక్తే ఏర్పడలేదని, ఇరవై రెండు పేజీలు. బావ చెప్పిన ప్రతి ముక్కా అందులో ఉంది. ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. కానీ చదువుతుంటే, రెయిన్‌కోటు నాకిచ్చి తడుస్తూ పోయిన మనిషి ఎక్కడా కనపడడు.

సాక్ష్యం మొదట అక్క చెప్పాలి. ఆ వారం ఆమెకు జ్వరం. వాయిదా అడిగితే మళ్ళీ ఆరు నెలలు పోతుందని లాయరమ్మ నన్ను ముందు పంపింది. చెప్పవలసినవి రెండు వారాల ముందే రాసి ఇచ్చింది. నేను మందుల షాపులో పనిచేస్తాను. కస్టమర్లు లేనప్పుడు కౌంటరు వెనక కూర్చుని బట్టీ పట్టాను.

సాక్షి కుర్చీలో కూర్చున్నాక చూశాను. వెనక బెంచీలో, గోడ వారగా, బావ. రావద్దని చెప్పాం. అయినా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"పెళ్ళిరోజు ప్రతివాది ప్రవర్తన ఎలా ఉంది?"

"ఆలస్యంగా వచ్చాడు. తాగి ఉన్నాడు."

"బిడ్డ పుట్టినప్పుడు?"

"ఆస్పత్రికి రాలేదు."

ఆ రోజు సముద్రం పొంగి పడవలన్నీ ఆపేశారు. గిమరాస్‌లో చిక్కుకున్న అతను ఒక జాలరిని బతిమాలుకుని, చిన్న పడవలో అలలకు ఎదురొచ్చి, మర్నాడు పొద్దున్న ఒళ్లంతా ఉప్పు కట్టి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. రాలేదనేది ఆ ఒక్క రోజుకి నిజమే. లాయరమ్మ అంతవరకే రాసింది. నేను అంతవరకే చెప్పాను.

"భార్య పట్ల, కుటుంబం పట్ల అతనికి బాధ్యత ఉండేదా?"

"నేను ఎప్పుడూ చూడలేదు."

బయట వరండాలో మెట్ల దగ్గర బావ ఎదురయ్యాడు. ఎవరైనా చూస్తారని భయం, అంతకు మించి సిగ్గు. అతను ఆగకుండానే, నా వైపు తిరగకుండానే, "బాగా చెప్పావు జెమ్మా. ఎక్కడా తడబడలేదు" అన్నాడు. వెటకారం కాదు. చిన్నప్పుడు పరీక్ష రాసి వస్తే అన్నట్టే అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రెండు నెలలకు అక్క వంతు వచ్చింది. ఆమె కూడా అన్నీ చదువుకుంది. పొద్దున్న ఎఫ్రెన్ కోర్టు ఎదురుగా కాఫీ బండి దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావడానికి వీల్లేదు. అక్క అటు చూడకుండానే గేటు దాటింది గాని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లాయరమ్మ అడిగినవాటికి అక్క సరిగ్గానే చెప్పింది. తర్వాత ప్రభుత్వం తరఫు లాయరు లేచాడు. పెళ్ళిని కాపాడటం ఆయన ఉద్యోగం. రిటైరవబోతున్న పెద్దాయన, కళ్లద్దాలు జారిపోతుంటే ముక్కు మీద నొక్కుకుంటూ మాట్లాడతాడు. దుర్మార్గుడేం కాదు. అక్కను ఇరుకున పెడదామని కూడా అనుకోలేదు. కాగితం తిరగేసి, అడగాలి కాబట్టి అడిగాడు.

"ఇక్కడ ఒక బిడ్డ పుట్టినట్టు ఉంది. ఇప్పుడెక్కడుంది?"

"చనిపోయింది."

"ఎన్నేళ్లప్పుడు?"

"నాలుగేళ్లు. నాలుగేళ్ల రెండు నెలలు."

"ఆ బిడ్డను ఎవరు చూసుకునేవారు?"

"నేను."

"తండ్రి?"

రాసిచ్చిన జవాబు నాకు తెలుసు. తండ్రి ఏనాడూ పట్టించుకోలేదు. అంతే, మూడు మాటలు. నేను నా చోటులోంచి ఆ మాటలు అక్క నోట్లోకి తొయ్యగలిగితే తోసేదాన్నే.

జడ్జీ కూడా ఆడమనిషే. ఆమె రాసుకుంటున్నది ఆపి తలెత్తింది. "పెళ్ళి నుంచి బిడ్డ పోయేదాకా అయిదేళ్లకు పైనే. ఆ అయిదేళ్లలో అతను భర్తగా, తండ్రిగా మొదటి నుంచీ విఫలమయ్యాడని ప్రమాణం చేసి రాశారు. అవునా కాదా, అంతే చెప్పండి."

"పాపకి పడవ హారన్ వినపడితే చాలు," అంది అక్క. "గుమ్మంలోకి పరిగెత్తేది. ఆయన రేవు నుంచి వస్తూ పొట్లంలో ఏదో ఒకటి తెచ్చేవాడు. ఏమీ దొరక్కపోతే గవ్వ తెచ్చేవాడు. రోజూ స్నానం ఆయనే చేయించేవాడు. నేను చేయిస్తే కళ్లలో సబ్బు పడుతుందని ఒప్పుకునేది కాదు."

లాయరమ్మ లేచింది. "యువర్ ఆనర్, సాక్షి మనసు బాగోలేదు, కొంచెం విరామం..."

"నాకు బాగానే ఉందండీ" అంది అక్క. ఆమె గొంతు క్లాసులో పాఠం చెప్తున్నట్టే ఉంది. "ఆయన మంచి భర్త. నేనూ మంచి భార్యనే అనుకుంటా. మా పాప పోయింది. తర్వాత మాకు ఒకరి దగ్గర ఒకరికి ఊపిరాడలేదు. జరిగింది ఇదే. ఇప్పుడు మా పెళ్ళి ముగిసిపోయిందని చెప్పమంటే చెప్తా, వందసార్లు చెప్తా. మొదట్నించీ లేనేలేదని మాత్రం చెప్పలేను. నా కూతురు ఉన్నది ఆ అయిదేళ్లలోనే. ఇంకెక్కడా లేదు."

పెద్దాయన కళ్లద్దాలు తీసి చేతిలో పెట్టుకున్నాడు. జడ్జీ చాలాసేపు అక్కను చూసి, "సరే, దిగండి" అంది.

తీర్పు రావడానికి ఏడు నెలలు పట్టింది. లాయరమ్మ మేడగదిలోనే చదివాం. బిడ్డను పోగొట్టుకున్న దంపతుల పట్ల న్యాయస్థానానికి సానుభూతి ఉందట. కానీ దుఃఖం వేరు, అశక్తత వేరట. సాక్షి జెమ్మా చెప్పినది ముందే నేర్పించినట్టుందట. పిటిషనరు స్వయంగా చెప్పిన దాన్ని బట్టి ఇది ఒకప్పుడు నిజమైన వివాహమే. నిజమైన వివాహాన్ని కాపాడటం రాజ్యం బాధ్యత. కాబట్టి కొట్టివేయడమైనది.

"దేన్ని కాపాడారు?" అన్నాను నేను. అక్క కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఎఫ్రెన్ మా ఇంటికి వచ్చింది ఆ సాయంత్రమే. ఇన్నేళ్లలో వెలుతురుండగా, అందరూ చూస్తుండగా అతను మా గుమ్మం ఎక్కడం అదే మొదలు. ఇక దాచి చేసేదేముంది అనుకున్నాడేమో.

"ఒక్క ముక్క ఆర్లిన్. అవును అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది."

"నోరు రాలేదు."

"ఇన్నేళ్ల నుంచి నేను దొంగలా బస్సులు మారి వస్తున్నా. నాకు నలభై ఏడు. పోయినవాళ్ల కోసం నువ్వు నిజం చెప్పావు. నా కోసం ఒక్క అబద్ధం చెప్పలేకపోయావు."

"నీ కోసం చెప్దామనే వెళ్ళా ఎఫ్రెన్. దేవుడి తోడు. అక్కడ కూర్చున్నాక పాప మొహం తప్ప ఏదీ కనపడలేదు."

అతను చాలాసేపు టోపీ చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత, కోపంగా కాదు, అలిసిపోయి, "నేను కోర్టులో ఉండి ఉంటే, నా మొహం కనపడేదేమో" అన్నాడు. అక్క ఏడుస్తూ అతని చెయ్యి పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు. చీకటి పడకముందే లేచి వెళ్ళాడు. మరో నాలుగు నెలలు వచ్చీ పోతూ ఉన్నాడు. ఆ తర్వాత రోహాస్ ఊళ్లో పెద్ద పని దొరికిందని వెళ్ళి, అక్కడే ఒక కుట్టుపనావిడని చేసుకున్నాడు. చర్చిలో, పదిమంది ముందు. ఫొటో ఎవరో ఫోన్‌లో పంపిస్తే అక్క పెద్దది చేసి చూసింది. "చొక్కా బావుంది" అంది. అంతే.

నెనిత మందుల షాపుకి వచ్చింది ఒకరోజు. దగ్గు మందు కొనే నెపంతో వచ్చింది గాని, సీసా చేతిలో పట్టుకుని కౌంటరు దగ్గరే నిలబడిపోయింది.

"మీ అక్క ఏం సాధించింది చెల్లీ?"

నేను బిల్లు రాయడం ఆపాను.

"నీకు తెలీదు. ఆ రిపోర్టు వచ్చాక ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. మనిషి మారాడు. పిల్లల్తో ఆడాడు. వానొస్తే మునుపట్లా కిటికీ మూసేసి గోడకి తిరిగి పడుకునేవాడు కాదు. నాతో ఏమన్నాడో తెలుసా? 'నేను పుట్టడమే అలా పుట్టానంట నెనితా, అది నా తప్పు కాదంట' అన్నాడు. డాక్టరమ్మ రాసింది కదా, నమ్మాడు. నిజంగా నమ్మాడు." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "ఇప్పుడు మీ అక్క చెప్పింది ఎవరో ఆయన చెవిన వేశారు. మంచి భర్తంట, మంచి తండ్రంట. ఆ సబ్బు, ఆ గవ్వలు. అన్నీ మళ్ళీ తెచ్చి ఇంట్లో పోసింది. అప్పట్నించి పనికి పోతాడు, వస్తాడు, మెట్టు మీద కూర్చుంటాడు. నా పిల్లలు పిలిస్తే ఉలిక్కిపడి చూస్తాడు, వీళ్లెవరన్నట్టు."

మెట్టు మీద అనగానే నాకు మా ఇంటి గుమ్మం గుర్తొచ్చింది. సీసా తీసుకుని సంచిలో పెట్టి ఇచ్చాను. ఆమె తీసుకుని, "ఆవిడ మీద నాకు కోపం లేదని చెప్పు" అని, గుమ్మం దాకా వెళ్ళి, "లేదు, ఉంది. ఉందనే చెప్పు" అని వెళ్ళిపోయింది. నేను అక్కకు రెండూ చెప్పలేదు.

నవంబరు ఒకటిన, చనిపోయినవాళ్లను తలుచుకునే పండగనాడు, ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది. గొడుగులు, వంటపాత్రలు, పేకముక్కలు, ఏడుపులు, నవ్వులు. ఈ ఏడాది మేం వెళ్ళేసరికి బావ అప్పటికే వచ్చి, పాప సమాధి అర ముందు కూర్చుని తడిగుడ్డతో రాయి తుడుస్తున్నాడు. మునుపు అతను పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయేవాడు. అక్క మధ్యాహ్నం వచ్చేది. ఒకరికొకరు తగలకుండా ఏ మాటా లేకుండానే వేళలు పంచుకున్నారు. ఈసారి అతను వెళ్ళలేదు. నెనిత, పిల్లలు దూరంగా గోడ నీడలో ఉన్నారు.

అక్క పూలు పెట్టి, అతనికి ఒక మూర దూరంలో కూర్చుంది. చట్టానికి వాళ్లు భార్యాభర్తలు. చూసేవాళ్లకి కూడా అలాగే కనిపించి ఉంటారు.

"ఎఫ్రెన్ రాలేదా?" అన్నాడు బావ.

"పెళ్ళి చేసుకున్నాడు."

"ఓహో."

కొవ్వొత్తి ఆరిపోతే అక్క మళ్ళీ వెలిగించింది. గాలికి అది మళ్ళీ ఆరింది. అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు. ఇక వాళ్ల మధ్య ఏదైనా కదులుతుందని నేను ఎదురుచూశాను. ఒక ఏడుపో, ఒక తిట్టో, వాన గురించి ఒక్క మాటో. ఏదీ రాలేదు. చివరికి అక్క లేచి, చీమలు పడుతున్నాయని గౌను దులుపుకుని, నీళ్లు తెస్తానని కుళాయి వైపు వెళ్ళింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ కాసేపట్లోనే నేను బావ పక్కన కూర్చున్నాను. ఏడాదిన్నరగా చెప్పాలనుకుంటున్న మాట అది.

"ఆ రోజు కోర్టులో నేను చెప్పిందంతా అబద్ధం బావా. నువ్వు గంట ముందొచ్చావు. నాకు తెలుసు. నన్ను క్షమించు."

అతను నా వైపు చూశాడు. కళ్ల కింద నల్లగా, లోతుగా ఉంది. ఎందుకు క్షమించమంటున్నానో అర్థం కానట్టు చూశాడు.

"నువ్వు చెప్పిందే నయం జెమ్మా" అన్నాడు. "అది విన్నాక కొన్నాళ్లు నిద్రపట్టింది."

నేను మళ్ళీ ఏదో అనబోయాను. దూరంగా పిల్లలు పిలుస్తున్నారు, అన్నం చల్లారిపోతోందని. అతను లేవలేదు.